ప్లాటు, ఫ్లాటు, పొలం మీద పెట్టుబడి: ప్రభుత్వ నిబంధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో ప్లాటు చూస్తున్నవాళ్లు, విజయవాడ, గుంటూరు వైపు కొందామనుకునేవాళ్లు, అమెరికా నుంచి అమ్మానాన్నల పేరు మీద డబ్బు పంపేవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులు రాశాను. గజం ఎంత అని అందరూ అడుగుతారు. ఆ గజం మీద ఏ చట్టం ఉందో అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఆ రేటును నిలబెట్టేదీ, పడగొట్టేదీ అదే. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఛార్జీలు, పన్ను రేట్లు ప్రభుత్వాలు మారుస్తుంటాయి కాబట్టి డబ్బు కట్టే రోజున మరోసారి సరిచూసుకోండి.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నేను రైతును కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వ్యవసాయ భూమి కొనొచ్చా?

కొనొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వ్యవసాయ భూమి కొనడానికి రైతు కుటుంబం నుంచే రావాలన్న నియమం లేదు. అయితే 1973 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం ఒక కుటుంబానికి పరిమితి ఉంది. భూమి రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు దాటకూడదు. రెండు మూడు ఎకరాలు కొనేవాళ్లకు దీంతో ఇబ్బంది రాదు. ఎన్నారైల సంగతి వేరు. వాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

అదే ఊళ్లో ఒక బిట్టు మాత్రం సగం రేటుకే వస్తోంది. తీసుకోవచ్చా?

అంత తక్కువకు ఎందుకిస్తున్నారో తేలేదాకా టోకెన్ కూడా ఇవ్వకండి. చాలాసార్లు అది అసైన్డ్ భూమి అయి ఉంటుంది. అంటే భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగు కోసం ఇచ్చినది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ భూమి కొనడం చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే మీరిచ్చిన డబ్బుకు ఎవరూ జవాబుదారీ కారు. ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు హక్కులిస్తూ 2023లో చట్టం సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక అలా ఫ్రీహోల్డ్ చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు ఆదేశించారు. ఒక ప్రభుత్వం తెరిచిన తలుపును ఇంకో ప్రభుత్వం మూసేసిన ఇలాంటి చోట డబ్బు పెట్టొద్దనే నేను చెబుతాను.

అసైన్డ్ ఒక్కటే కాదు. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ, సీలింగ్ మిగులు భూములు కూడా రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఈ జాబితాను సర్వే నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఐదు నిమిషాల పని. బ్రోకర్ మాట కంటే ముందు అది చూడండి.

అరకు, భద్రాచలం వైపు రిసార్టు కోసం స్థలం చూస్తున్నాం. కుదురుతుందా?

గిరిజనేతరులకు కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 చట్టం అమల్లో ఉంది. 1959 నాటి భూబదిలీ నిబంధనను 1970లో కఠినం చేసినప్పటి నుంచి అందరూ దాన్ని ఈ పేరుతోనే పిలుస్తున్నారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడమే కాదు, ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి అమ్మకం కూడా చెల్లదు. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం లాంటి ప్రాంతాల్లో 'లోకల్ వాళ్ల పేరు మీద పెట్టుకుందాం, అనుభవం మనది' అనేవాళ్లు దొరుకుతారు. ఆ ఒప్పందం ఏ కోర్టులోనూ నిలవదు. గిరిజనుల చేతుల్లోంచి భూమి జారిపోకుండా కాపాడటానికి తెచ్చిన చట్టం ఇది. దాన్ని దాటడానికి దారి వెతకకపోవడమే మంచిది.

లేక్ వ్యూ ప్లాటు అంటున్నారు. చెరువు పక్కన కొంటే ఇబ్బందా?

ఎంత పక్కన అన్నదే ప్రశ్న. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. దాని బయట కొంత దూరం బఫర్. తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఆ లోపల ఇల్లు కట్టడానికి అనుమతి రాదు. ఎండాకాలం వెళ్లి చూస్తే చెరువు కుంచించుకుపోయి మీ ప్లాటు ఎంతో దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. వానాకాలం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. హైదరాబాద్‌లో 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ ఆస్తులను కాపాడే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఇలాంటి నిర్మాణాలు కూల్చడం అందరూ చూశారు. పట్టా భూమే కావచ్చు, రిజిస్ట్రేషన్ కూడా అయి ఉండొచ్చు. అయినా ఎఫ్‌టీఎల్‌లో ఉంటే అక్కడ కట్టే హక్కు లేదు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ ఉన్న 84 గ్రామాలది ఇంకో కథ. 1996లో జీవో 111 అక్కడ నిర్మాణాలకు కళ్లెం వేసింది. ఆంక్షలు సడలిస్తూ 2022లో జీవో 69 వచ్చింది. 'జీవో ఎత్తేశారు' అన్న మాట విని కొనేయకండి. ఆ సర్వే నంబరులో ఇల్లు కట్టడానికి ఇవాళ అనుమతి వస్తుందా అని ప్లానింగ్ ఆఫీసులో అడగండి.

రాజధాని, రింగు రోడ్డు, ఎయిర్‌పోర్టు వస్తుందని ముందే కొనడం మంచిదేనా?

వస్తే లాభమే. ఎప్పుడొస్తుందన్నది మీ చేతిలో ఉండదు. దీనికి అమరావతిని మించిన ఉదాహరణ లేదు.

2014 చివర్లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం వచ్చింది. 2015లో 29 గ్రామాల రైతులు భూసమీకరణ కింద 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు (నది పక్కన నీటి వసతి ఉన్న) ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. ఆ ప్లాట్లను రైతుల దగ్గర కొన్న బయటివాళ్లు ఎంతోమంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. పనులు ఆగిపోయాయి. 2022 మార్చిలో హైకోర్టు రైతులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అయినా నేల మీద కదలిక రాలేదు. 2024 ఎన్నికల తర్వాతే మళ్లీ పనులు ఊపందుకున్నాయి.

పనులు ఆగిన ఆ ఏళ్లలో, అప్పు చేసి కొన్నవాడు, కూతురి పెళ్లికి పనికొస్తుందని కొన్నవాడు ఏమయ్యాడో ఆలోచించండి. ప్లాటు ఎక్కడికీ పోలేదు, కాగితాలూ సరిగానే ఉన్నాయి. అయినా అవసరానికి డబ్బు కాలేదు. అందుకే ప్రభుత్వ ప్రాజెక్టు మీద ఆశతో కొనేటప్పుడు ఒక ఎన్నికల కాలమంతా, వీలైతే రెండు, ఆ డబ్బు మర్చిపోగలరా అని ముందే లెక్కవేసుకోవాలి. వడ్డీ కడుతూ ఇలాంటి భూమి పట్టుకుని కూర్చోవడం సామాన్యుడికి తగని పని.

## డబ్బు కట్టే ముందు

ప్రీలాంచ్ ఆఫర్‌లో మొత్తం కడితే సగం రేటుకే ఫ్లాటు అంటున్నారు. మంచి అవకాశమేనా?

కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం, అడ్వాన్స్ తీసుకోవడం అన్నీ తప్పే. 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకైనా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా అమ్మితే ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడుతుంది.

జరిమానా బిల్డర్‌కు పడుతుంది సరే, మీ డబ్బు? ప్రీలాంచ్‌లో కట్టిన డబ్బు చాలాసార్లు అదే కంపెనీ వేరేచోట భూమి కొనడానికి పోతుంది. ఆ చోటు అమ్ముడుపోతేనే మీ టవర్ లేస్తుంది. దీనికే యూడీఎస్ అనే ఇంకో రూపం ఉంది. కట్టని భవనం కింద భూమిలో అవిభాజ్య వాటా ముందే రిజిస్టర్ చేసిస్తారు. కాగితం చేతికొచ్చిందని ధైర్యంగా ఉంటుంది. భవనానికి అనుమతి రాకపోతే వందలమందితో కలిసి ఒక ఖాళీ స్థలానికి యజమానులవుతారు. అందరూ ఒప్పుకుంటే తప్ప అది అమ్మడమూ కుదరదు.

ఏడాదికి ఇంత గ్యారంటీ రిటర్న్, తర్వాత బైబ్యాక్ అని బాండు రాసిస్తామంటున్నారు. నమ్మొచ్చా?

అది స్థలం అమ్మకం కాదు, డిపాజిట్ సేకరణ. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మొదటి కొన్ని నెలలు చెక్కులు వస్తాయి కాబట్టి నమ్మకం కుదిరి బంధువులను కూడా చేరుస్తారు. అక్కడే గాయం పెద్దదవుతుంది.

రెరా నంబరు ఉంది కదా, ఇక టెన్షన్ లేనట్టేనా?

సగం టెన్షన్ తగ్గినట్టు. రెరా ఉన్న ప్రాజెక్టులో కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. రేటు కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే నేల) మీద చెప్పాలి. ఇవన్నీ మీకు రక్ష. అయితే బిల్డర్ ఇచ్చిన వివరాలతోనే రెరా రిజిస్టర్ చేస్తుంది, భూమి మీద హక్కుకు పూచీ ఇవ్వదు. రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ప్లాన్, పూర్తి చేస్తామన్న తేదీ, ప్రాజెక్టు మీద ఉన్న కేసులు కనిపిస్తాయి. బ్రోచర్ పక్కన పెట్టుకుని అంతస్తుల సంఖ్య, క్లబ్‌హౌస్, పార్కింగ్ సరిపోల్చండి. వెబ్‌సైట్‌లో ఉన్నదే అనుమతి పొందిన ప్లాన్.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లేఅవుట్ అన్నారు, ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు కూడా ఇచ్చారు. ఇంకేం చూడాలి?

మీ ప్లాటు నంబరు తనఖాలో ఉందో లేదో చూడాలి. లేఅవుట్‌కు మొదట తాత్కాలిక అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు పూర్తి చేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏకో, డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) వెంచర్ అయితే స్థానిక సంస్థకో తనఖా పెట్టించుకుంటారు. పనులయ్యాక తుది అనుమతి ఇచ్చి వాటిని విడుదల చేస్తారు.

లేఅవుట్ కాపీని చిన్న జిరాక్స్ కాకుండా పూర్తి సైజులో అడగండి. ప్లాన్ మీద తనఖా ప్లాట్లను వేరే గుర్తుతో చూపిస్తారు. అనుమతి ఉత్తర్వులో నంబర్లతో సహా రాసి ఉంటాయి. సేల్స్ కుర్రాడు 'కార్నర్ బిట్టు సార్, రేటు తగ్గిస్తా' అని చూపించింది ఆ వరుసలోదే అయితే విడుదలయ్యేదాకా ఆగండి. పార్కులు, రోడ్ల స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేశారా అని కూడా అడగండి. చేయకపోతే ఇవాళ పార్కు అన్నది రేపు ప్లాట్లుగా మారొచ్చు.

ఫామ్ ప్లాట్లు అని ఐదు గుంటలు, పది గుంటలు అమ్ముతున్నారు. కొనొచ్చా?

వద్దు. అది వ్యవసాయ భూమినే ముక్కలు చేసి, మట్టి రోడ్డు వేసి, నాలుగు మామిడి మొక్కలు నాటి గజాల్లో అమ్మడం. లేఅవుట్ అనుమతి ఉండదు. తెలంగాణలో 2,000 చదరపు మీటర్ల కంటే, అంటే దాదాపు 20 గుంటల కంటే తక్కువగా ఇలా ముక్కలు చేసి అమ్మొద్దని ఆదేశాలున్నాయి. రెరా కూడా హెచ్చరించింది. దీన్ని తప్పించుకోవడానికి కొందరు నలుగురైదుగురిని కలిపి ఉమ్మడిగా రిజిస్టర్ చేయిస్తారు. అప్పుడు మీ ముక్క ఏదో కాగితంలో ఉండదు. ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, హోమ్ లోన్ రాదు, అమ్మాలంటే మీలాంటి ఇంకొకరిని వెతుక్కోవాలి.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఏ లావాదేవీ లేదు. టైటిల్ క్లియర్ అనుకోవచ్చా?

అనుకోవద్దు. రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చిన కాగితాలే ఈసీలో కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా, ఇంట్లో రాసుకున్న పంపకం, సాదా బైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం), కోర్టులో నడుస్తున్న చాలా కేసులు అందులో ఉండవు. ఒకే భూమి పాత సర్వే నంబరుతో, కొత్త సబ్‌డివిజన్ నంబరుతో రెండు రకాలుగా నమోదై ఉండొచ్చు. ఒక్క నంబరుతోనే వెతికితే రెండో కథ బయటపడదు.

ఈసీని లింకు డాక్యుమెంట్లతో కలిపి చదవాలి. కనీసం 30 ఏళ్ల డాక్యుమెంట్లు తేదీల వరుసలో పెట్టండి. ప్రతి అమ్మకంలో అమ్మినవాడు అంతకుముందు కాగితంలో కొన్నవాడేనా, విస్తీర్ణం అంతేనా, నాలుగు హద్దులు కలుస్తున్నాయా చూడండి. ఎకరం కొన్నవాడు ముందే పది గుంటలు ఒకరికి అమ్మి, మళ్లీ మీకు ఎకరమూ అమ్మజూపితే ఇక్కడే దొరికిపోతాడు. ఈ పని లాయర్‌తో చేయించండి, లీగల్ ఒపీనియన్ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫీజు మొత్తం ఖర్చులో చాలా చిన్నది.

అమ్మేది అన్న. పాసుపుస్తకం ఆయన పేరు మీదే ఉంది. చెల్లెళ్ల సంతకాలు ఎందుకు?

ఆ భూమి ఆయన సొంతంగా సంపాదించింది కాక పూర్వీకులదైతే ఆడపిల్లలకు కూడా పుట్టుకతోనే వాటా ఉంటుంది. 2005లో హిందూ వారసత్వ చట్టం సవరణ దేశమంతటా ఆ హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చారు. తండ్రి 2005కు ముందే చనిపోయినా ఈ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. 'కట్నం ఇచ్చాం, ఇంకేం వాటా' అన్న మాట చట్టం ముందు చెల్లదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని అందులో ఉన్న ప్రతి ఒక్కరితో సేల్ డీడ్‌లో సంతకం పెట్టించండి. సిగ్గుపడి అడగకపోతే పదేళ్ల తర్వాత పార్టిషన్ సూట్‌లో మీరూ ఒక ప్రతివాది అవుతారు.

పెద్ద బ్యాంకు లోన్ ఇస్తోంది. వాళ్లు చూశారంటే సరిపోతుందిగా?

బ్యాంకు తన అప్పు వరకు చూసుకుంటుంది. మీ పెట్టుబడి మొత్తానికి పూచీ తీసుకోదు. లోన్ ఎవరూ ఇవ్వనంటే మాత్రం అది గట్టి హెచ్చరికే. ఇంకో సంగతి, హోమ్ లోన్ పరిమితులు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఉంటాయి: లోన్ 30 లక్షల దాకా అయితే ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వరు. మిగతాది మీ చేతిలో ఉండాలి.

సగం క్యాష్ ఇస్తేనే అమ్ముతానంటున్నాడు. అందరూ చేసేదే కదా?

అందరూ చేసినా దెబ్బ ఒక్కరికే పడుతుంది. స్థిరాస్తి అడ్వాన్స్‌గా 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. డాక్యుమెంట్‌లో చూపించిన ధర ప్రభుత్వ మార్కెట్ విలువ కంటే 10 శాతానికి మించి తక్కువైతే ఆ తేడాను కొన్నవాడి ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు. ఇవాళ తక్కువ చూపిస్తే రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. ఒప్పందం బెడిసికొడితే నగదుగా ఇచ్చినదానికి సాక్ష్యం ఉండదు.

## రిజిస్ట్రేషన్ సమయంలో

రిజిస్ట్రేషన్‌కు మొత్తం ఎంత అవుతుంది?

రెండు రాష్ట్రాల్లోనూ అమ్మకం డాక్యుమెంట్‌కు మామూలుగా 7.5 శాతం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఆంధ్రప్రదేశ్‌లో అవి 5, 1.5, 1. మీరు కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 60 లక్షల ఫ్లాటుకు నాలుగున్నర లక్షలు. కొన్న మర్నాడే అమ్మినా ఈ డబ్బు తిరిగి రాదు. 'ఆరు నెలల్లో అమ్మేసి లాభం చేసుకుందాం' అనుకునేవాళ్లు ముందు ఈ 7.5 శాతం తీసేసి చూడాలి.

ప్లాటు మీద, ఫ్లాటు మీద జీఎస్టీ ఉంటుందా?

ప్లాటు మీద ఉండదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొన్న ఫ్లాటు మీద కూడా ఉండదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం. 45 లక్షల లోపు ధర ఉండి, కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో 60, మెట్రోలు కాని ఊళ్లలో 90 చదరపు మీటర్లు దాటకపోతే 1 శాతం.

కొనేవాడిని నేను. టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కూడా నేనే కట్టాలా?

అవును. ఆస్తి విలువ 50 లక్షలు, అంతకు మించితే అమ్మేవారికి ఇచ్చే డబ్బులో 1 శాతం పట్టుకుని వారి పాన్ మీద జమ చేయాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి కొన్నా, అన్నదమ్ములు కలిసి అమ్మినా మొత్తం విలువనే చూస్తారు. గ్రామీణ వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. అమ్మేవారు ఎన్నారై అయితే 50 లక్షల పరిమితీ లేదు, 1 శాతం లెక్కా లేదు. క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మితే వచ్చే లాభం) పన్ను రేటుతో పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్నే అడుగుతుంది, ఎందుకంటే ఆయన అప్పటికి డాలస్‌లో ఉంటాడు.

నోటరీ కాగితం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉన్నాయి. ఇవి చాలవా?

చాలవు. స్థిరాస్తి హక్కు రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తోనే మారుతుంది. జీపీఏ ద్వారా జరిగే అమ్మకాలు హక్కు బదిలీ కావని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. జీపీఏ హోల్డర్ సంతకంతో సేల్ డీడ్ చేయించుకుంటున్నట్టయితే, జీపీఏ ఇచ్చిన అసలు యజమాని బతికే ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అని ఆ రోజే కనుక్కోండి.

భార్య పేరు మీద కొంటే బినామీ అవుతుందా?

మీ లెక్కల్లో చూపిన ఆదాయంతో భార్య, పిల్లల పేరు మీద కొంటే కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులతో కలిసి, మీ పేరు కూడా ఉంటే కాదు. బావమరిది పేరు మీద, డ్రైవర్ పేరు మీద మీ డబ్బుతో కొంటే బినామీయే. 2016 సవరణ తర్వాత ఆస్తి జప్తుతో పాటు ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా ఉన్నాయి.

తెలంగాణ భూరికార్డుల్లో ధరణి పోయి భూభారతి వచ్చింది. కొనేవాళ్లకు ఏం మారింది?

తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) తహసీల్దార్ ఆఫీసులో ఒకేసారి జరగడం 2020లో ధరణితో మొదలైంది, అది కొనసాగుతోంది. అప్పట్లో రికార్డులో తప్పు పడితే అప్పీలుకు దారి లేక సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో అప్పీలు పెట్టారు. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. నాకు నచ్చిన మార్పు అదే. కాగితం మీద రెండెకరాలు, గట్ల మధ్య ఎకరం ముప్పై గుంటలు ఉన్న చోట్లే తగాదాలు పుడతాయి. అమ్మకానికి ముందు సర్వే చేయించండి, పక్క రైతులను కూడా నిలబెట్టండి.

ఆంధ్రాలో ల్యాండ్ టైటిలింగ్ చట్టం ఇంకా ఉందా?

లేదు. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన ఆ చట్టాన్ని 2024 జులైలో అసెంబ్లీ రద్దు చేసింది. పాత పద్ధతిలోనే 1-బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, లింకు డాక్యుమెంట్లు చూసుకుని కొనాలి.

## చేతికొచ్చాక

అనుమతి లేని లేఅవుట్‌లో పదేళ్ల కిందట కొన్నాను. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కట్టాలా?

తెలంగాణలో 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన ప్లాట్లకు ఆ అవకాశం ఇచ్చారు. దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీ కూడా ప్రకటించారు. క్రమబద్ధీకరణ అయితేనే ఇంటి అనుమతి సాఫీగా వస్తుంది, కొనేవాడికీ ధైర్యం. అయితే ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటును మాత్రమే సరిచేస్తుంది, హక్కును సరిచేయదు. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో, ప్రభుత్వ భూమిలోనో ఉంటే ఎంత కట్టినా పని కాదు.

ఫ్లాటు ఇస్తామన్న తేదీ దాటి రెండేళ్లయింది. ఏం చేయాలి?

రెరాకు ఫిర్యాదు చేయండి. మీకు రెండు దారులున్నాయి. ప్రాజెక్టు నుంచి బయటకొచ్చి కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి అడగొచ్చు, లేదా ఫ్లాటు కోసం ఆగుతూ ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ అడగొచ్చు. స్వాధీనం చేశాక ఐదేళ్ల లోపు నిర్మాణంలో లోపం బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. అగ్రిమెంట్, రసీదులు, వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు అన్నీ దాచుకోండి. ఒకే ప్రాజెక్టు వాళ్లు కలిసికట్టుగా వెళ్తే విచారణ బలంగా సాగుతుంది.

రోడ్డు కోసం నా భూమి తీసుకుంటారట. ఎంత వస్తుంది?

2013 భూసేకరణ చట్టం ప్రకారం ముందు మార్కెట్ విలువ తేలుస్తారు. ప్రభుత్వ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్లలో రిజిస్టరైన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం వాటి సగటు, ఇలా లెక్కించి ఎక్కువగా ఉన్నది తీసుకుంటారు. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. మొత్తం మీద మరో 100 శాతం సొలేషియం (అదనపు ఊరట పరిహారం) కలుపుతారు. ఊరంతా స్టాంపు డ్యూటీ మిగులుతుందని తక్కువ ధర రాయించుకుంటే ఆ తక్కువ ధరే పరిహారానికి పునాది అవుతుంది. ఎన్ని ఊళ్లలో రైతులు దీనివల్ల నష్టపోయారో చూస్తే బాధేస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమి అమ్మడం, కొనడం కుదరదు.

## అమ్మేటప్పుడు

అమ్మితే పన్ను ఎంత పడుతుంది?

24 నెలలు దాటి ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభం, 12.5 శాతం. అంతకంటే ముందే అమ్మితే ఆ లాభం మీ మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి అయితే ఇండియాలో నివసించే వ్యక్తులకు ఇంకో అవకాశం ఉంది: ద్రవ్యోల్బణం లెక్క కలిపి 20 శాతం వేసి చూసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

ఒక లెక్క చూడండి. 2015-16లో 20 లక్షలకు కొన్న ప్లాటును 2025-26లో అమ్మారు. ద్రవ్యోల్బణ సూచీ 254 నుంచి 376కు పెరిగింది కాబట్టి కొన్న ధర 29.6 లక్షలతో సమానం. 50 లక్షలకు అమ్మితే 12.5 శాతం లెక్కన 3.75 లక్షలు, 20 శాతం లెక్కన దాదాపు 4.08 లక్షలు. మొదటిదే మేలు. అదే 36 లక్షలకే అమ్మితే 2 లక్షలకు బదులు దాదాపు 1.28 లక్షలే. రేటు పెద్దగా పెరగని ప్లాటుకు పాత పద్ధతి పనికొస్తుంది. సెస్ అదనం. ఊరికి దూరంగా ఉన్న, నిబంధనల్లో చెప్పిన గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే అసలు క్యాపిటల్ గెయిన్స్ పన్నే లేదు.

ఆ పన్ను తగ్గించుకునే దారి ఏమైనా ఉందా?

ఇల్లు అమ్మినవాళ్లు ఆ లాభంతో ఏడాది ముందు గానీ రెండేళ్ల లోపు గానీ ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. ప్లాటు అమ్మినవాళ్లకు లాభం ఒక్కటే కాదు, వచ్చిన మొత్తం ఇంటి మీద పెడితేనే పూర్తి మినహాయింపు. ఇల్లు అక్కర్లేదంటే ఆరు నెలల లోపు 50 లక్షల దాకా ప్రభుత్వం గుర్తించిన బాండ్లలో ఐదేళ్లకు పెట్టొచ్చు. రిటర్న్ వేసే గడువులోగా ఇల్లు కుదరకపోతే డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి తర్వాత కొంటాననుకుంటే మినహాయింపు పోతుంది.

## విదేశాల్లో ఉన్నవాళ్లకు

నేను అమెరికాలో ఉంటున్నాను. ఏం కొనొచ్చు, ఏం కొనకూడదు?

ఎన్నారైలు, ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) వాళ్లు ఇళ్లు, ఫ్లాట్లు, అనుమతి ఉన్న ప్లాట్లు, దుకాణాలు ఎన్నైనా కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. అమెరికాలో తెలుగువాళ్ల సభల్లో స్టాళ్లు పెట్టి అమ్మే మామిడితోట ముక్కలు, ఫామ్ ప్లాట్లు చాలా వరకు ఈ నిషేధం కిందికే వస్తాయి. నాన్న నుంచి వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇండియాలో నివసించేవారికే అమ్మాలి. కొనుగోలుకు డబ్బు ఎన్నారైల బ్యాంకు ఖాతాలైన ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వోల నుంచి గానీ, విదేశం నుంచి బ్యాంకు ద్వారా గానీ రావాలి.

రిజిస్ట్రేషన్‌కు రాలేను. అన్నయ్యకు పవర్ ఇస్తే చాలా?

చాలు, కానీ ఏ పనికి ఇస్తున్నారో ఆ పనికే ఇవ్వండి. 'నా ఆస్తులన్నీ అమ్మే అధికారం' అని రాయకండి. ఫలానా సర్వే నంబరు, ఫలానా ప్లాటు, ఫలానా కొనుగోలు అని రాయండి. కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఇండియాకు చేరాక మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. పని అయ్యాక రద్దు చేయండి.

అమ్మిన డబ్బు అమెరికాకు తెచ్చుకోగలనా?

తెచ్చుకోవచ్చు. విదేశీ డబ్బుతో కొన్న ఇళ్లయితే రెండింటి వరకు, పెట్టిన మొత్తం మేరకు బయటికి పంపుకునే వీలుంది. వారసత్వ ఆస్తి, ఇండియా సంపాదనతో కొన్న ఆస్తి అమ్మితే డబ్బు ఎన్‌ఆర్‌వో ఖాతాలో పడుతుంది. పన్ను కట్టి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ ఇస్తే ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. అమెరికాలో పన్ను కట్టేవాళ్లు అక్కడి రిటర్న్‌లో కూడా ఈ లాభం చూపించి, ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి. అందుకని టీడీఎస్ చలాన్లు, కొన్నప్పటి డాక్యుమెంట్, బ్యాంకు రసీదులు స్కాన్ చేసి రెండుచోట్లా ఉంచుకోండి. ఇరవై ఏళ్ల కిందటి సేల్ డీడ్ పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. బ్యాంకు రసీదు మాత్రం అన్నేళ్ల తర్వాత దొరకడం కష్టం.